రెండు చిత్రములు – ఒక రూపము

1858వ సంవత్సరము సెప్టెంబరు నెలలో జర్మనీ దేశమందలి వెట్‌జ్లార్ పట్టణమున ఒక యువకుడు కథీడ్రల్ అనబడు పెద్ద చర్చి గోడలను కొలుచుచుండెను. అతని పేరు ఆల్బ్రెక్ట్ మైడెన్‌బావర్. వయస్సు ఇరువదినాలుగేండ్లు. ఆ పురాతన కట్టడమునందలి కిటికీలను, కమానులను, స్తంభములను ఒక్కొక్కటిగా కొలిచి పటములు గీయుట అతనికి అప్పగింపబడిన పని. అంత ఎత్తైన గోడకు పరంజా కట్టింపవలెనన్నచో ధనమును, కాలమును విశేషముగా వ్యయమగును. అందుచేత అతడు పైనుండి త్రాళ్లతో వ్రేలాడదీసిన బుట్టలో నిలిచి, గోడ వెంబడి క్రిందికిని మీదికిని కదలుచు కొలతలు తీసికొనుచుండెను.

ఒకనాటి సాయంకాలము పని ముగియవచ్చినది. మెట్లెక్కు శ్రమను తప్పించుకొనవలెనని అతడు బుట్టలోనుండి తిన్నగా పై అంతస్తు కిటికీలోనికి అడుగు పెట్టబోయెను. అడుగెత్తిన క్షణముననే బుట్ట గోడనుండి ఎడముగా జరిగిపోయెను. క్రింద చాల లోతున నేల కనబడుచున్నది. అతడు కుడిచేతితో గోడ అంచును గట్టిగా పట్టుకొని, ఎడమకాలితో బుట్టను వెనుకకు తన్ని, లోపలికి దూకి ప్రాణము దక్కించుకొనెను. మెట్లు దిగి వచ్చుచుండగా అతని మనస్సులో ఒక ప్రశ్న మెదలెను. ఫొటో కెమెరా కట్టడమును చదునైన పలకమీదికి దింపుచున్నది గదా! ఆ పనినే తిరుగవేసి, పలకమీది చిత్రమునుండి కట్టడపు కొలతలను రాబట్టరాదా? అట్లు చేయగలిగినచో మనుష్యుడు గోడకు వ్రేలాడవలసిన అవసరమే యుండదు.

ఆ ప్రశ్నకు లభించిన సమాధానమే నేడు ఫొటోగ్రామెట్రీ అను శాస్త్రమైనది. ఫొటోలనుండి కొలతలు తీయు విద్య అని దాని భావము. ఇప్పుడు ఈ శాస్త్రముచేత గుడులను, గుహలను, నగరములను, కొండలను, తుదకు అన్యగ్రహముల నేలలను సైతము ఉన్నవి ఉన్నట్లుగా కంప్యూటరులో నిర్మించుచున్నారు. ఇటువంటి ప్రతిరూపమును వర్చువల్ నమూనా యందురు. అది చేతికి తగులదు. కాని దాని చుట్టును తిరిగి చూడవచ్చును, లోపల ప్రవేశింపవచ్చును, దానిలో ఏ రెండు బిందువుల మధ్య దూరమునైనను కొలువవచ్చును.

ఒక్క ఫొటో చాలదు

ఒక ఫొటోను చూచినప్పుడు అందులోని వస్తువులు ఎంతెంత దూరమున ఉన్నవో మనకు తెలిసినట్లే తోచును. మనుష్యుడు చెట్టుకంటె చిన్నవాడనియు, రోడ్డు దూరము పోయినకొలది సన్నబడుననియు మనకు ముందే తెలియుట అందుకు కారణము. నిజమునకు ఆ ఫొటోలో దూరమన్నది లేనేలేదు. ఒక మీటరు ఎత్తుగల కర్రను పది మీటర్ల దూరమున నిలిపి ఫొటో తీసినను, పది మీటర్ల ఎత్తుగల స్తంభమును నూరు మీటర్ల దూరమున నిలిపి ఫొటో తీసినను, చిత్రములో రెండింటి పొడవును సమానముగానే యుండును. చిత్రమును మాత్రమే చూచువానికి ఏది కర్రయో, ఏది స్తంభమో చెప్పుటకు ఆధారము లేదు.

కారణమేమనగా, ఫొటోలోని ప్రతి చుక్కయు ఒక దిక్కును మాత్రమే తెలుపును. ‘ఈ వెలుగు ఈ వైపునుండి వచ్చినది’ అని అది చెప్పగలదు. ఎంత దూరమునుండి వచ్చినదో అది చెప్పజాలదు. ఆ లోపమును తీర్చుటకు మరియొక చోటినుండి తీసిన రెండవ ఫొటో కావలయును.

బొటనవ్రేలి పరీక్ష

ఈ సంగతిని తెలిసికొనుటకు ఏ పరికరమును అక్కరలేదు. చేయి చాచి బొటనవ్రేలిని ముఖమునకు ఎదురుగా నిలుపుడు. ఎడమకన్ను మూసి కుడికంటితో చూడుడు. పిమ్మట కుడికన్ను మూసి ఎడమకంటితో చూడుడు. వ్రేలు కదలకున్నను, వెనుకనున్న గోడమీద అది ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు గంతువేసినట్లు కనబడును. ఇప్పుడు వ్రేలిని ముక్కునకు దగ్గరగా తెచ్చి మరల అట్లే చూడుడు. ఆ గంతు మరింత పెద్దదగును. దూరమునకు పోయినకొలది గంతు చిన్నదగును.

మన కన్నుల మధ్య దూరము సుమారు ఆరున్నర సెంటీమీటర్లు. అందుచేత రెండు కన్నులకును ఎన్నడును ఒకే చిత్రము పడదు. మెదడు ఆ రెండింటి భేదమును గ్రహించి, ఏ వస్తువు చేరువనున్నదో, ఏది దూరముననున్నదో నిశ్చయించును. సూదిలో దారమెక్కించునప్పుడు ఒక కన్ను మూసికొని ప్రయత్నించినచో ఆ భేదము విలువ వెంటనే బోధపడును.

ఈ రహస్యమును ప్రయోగపూర్వకముగా నిరూపించినవాడు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు చార్లెస్ వీట్‌స్టన్. విద్యుచ్ఛాస్త్రములో వీట్‌స్టన్ బ్రిడ్జి అను పరికరము వలన అతని పేరు విద్యార్థులకు పరిచితమగును. 1838వ సంవత్సరమున అతడు లండనులోని రాయల్ సొసైటీ యెదుట స్టీరియోస్కోపు అను సాధనమును వివరించెను. ఒకే వస్తువును ఎడమకంటికి కనబడునట్లుగా ఒక బొమ్మను, కుడికంటికి కనబడునట్లుగా మరియొక బొమ్మను గీసి, అద్దముల సహాయమున ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మను చూపెను. అప్పటికి ఫొటో తీయు పద్ధతి లోకమునకు ప్రకటింపబడలేదు. అందుచేత అతడు గీతలతోనే బొమ్మలు వేసెను. ఆ రెండు చదునైన బొమ్మలు చూచువాని మెదడులో కలిసి, లోతుగల ఘనరూపముగా నిలిచినవి. రెండు చిత్రములు కలిసిన చోట లోతు జనించునని దీనివలన స్పష్టమైనది.

త్రిభుజము చేయు సాయము

లోతు కనబడుట వేరు, లోతును కొలుచుట వేరు. కొలతకు త్రిభుజము కావలయును. నది ఆవలియొడ్డుననున్న చెట్టు ఎంత దూరముననున్నదో నదిని దాటకయే తెలిసికొనవచ్చును. ఈవలియొడ్డున కొంత దూరమును కొలిచి రెండు మేకులు పాతవలెను. ఒక్కొక్క మేకునొద్ద నిలిచి చెట్టు ఏ కోణమున కనబడుచున్నదో చూడవలెను. త్రిభుజములో ఒక భుజమును, దాని రెండు చివరల కోణములును తెలిసినచో మిగిలిన భుజములు గణితముచేత లభించును. నేలను సర్వే చేయువారు ఎంతయో కాలమునుండి అనుసరించుచున్న మార్గమిదియే.

రెండు కెమెరాలును ఆ రెండు మేకులవంటివే. వాటి మధ్యనున్న దూరము త్రిభుజమునకు ఆధారభుజము. ఒక ఉదాహరణము చూతము. ఒకే వైపునకు తిన్నగా చూచుచున్న రెండు కెమెరాలను ఒక మీటరు ఎడముగా నిలిపితిమనుకొనుడు. కెమెరాలో కటకమునకును, చిత్రము పడు పలకకును మధ్య దూరము 50 మిల్లీమీటర్లు. ఎదుటనున్న ఒక రాతి చిత్రము ఎడమ పలకమీద ఒకచోటను, కుడి పలకమీద దానికి 5 మిల్లీమీటర్లు తేడాగాను పడినది. సరూప త్రిభుజముల నియమము ననుసరించి 50ని ఒక మీటరుచే గుణించి 5చే భాగించినచో 10 మీటర్లు వచ్చును. రాయి పది మీటర్ల దూరముననున్నదన్నమాట. తేడా రెండున్నర మిల్లీమీటర్లయినచో దూరము 20 మీటర్లు. తేడా అర మిల్లీమీటరయినచో దూరము 100 మీటర్లు.

ఈ లెక్కలోనే ఒక హెచ్చరికయు దాగియున్నది. తేడాను కొలుచుటలో మిల్లీమీటరులో నూరవవంతు పొరపాటు జరిగినదనుకొనుడు. పది మీటర్ల దూరముననున్న రాతి విషయములో దానివలన కలుగు తప్పు రెండు సెంటీమీటర్లు మాత్రమే. నూరు మీటర్ల దూరముననున్న రాతి విషయములో ఆ తప్పు దాదాపు రెండు మీటర్లగును. దూరము పదిరెట్లయినప్పుడు తప్పు నూరురెట్లైనది. కావున దూరపు వస్తువులను కొలువవలెనన్నచో కెమెరాల మధ్య ఎడమును కూడ పెంచవలెను. ఎంత ఎడమున్నదో, ఎంత దూరము చూచుచున్నామో ఎరిగి పనిచేయుటయే ఈ విద్యలో మొదటి పాఠము.

గాజుపలకలలో దాచిన కట్టడములు

మైడెన్‌బావర్ తన ఆలోచనను విడిచిపెట్టలేదు. కొలతకు పనికివచ్చు కెమెరాలను తానే రూపొందించి, ఒకే కట్టడమును వేర్వేరు స్థానములనుండి ఫొటోలు తీసి, ఆ ఫొటోలనుండి దృష్టిరేఖలను కాగితముమీద గీసి, అవి కలిసికొను బిందువులను గుర్తించెను. ఫొటోగ్రామెట్రీ అను పేరును ప్రచారములోనికి తెచ్చినవాడును అతడే. ఏండ్లతరబడి చేసిన ప్రయత్నము ఫలించి 1885వ సంవత్సరమున బెర్లిను నగరములో ఇందుకొరకై ప్రష్యా ప్రభుత్వము ఒక సంస్థను నెలకొల్పెను. దాని పర్యవేక్షణలో చర్చిలు, కోటలు, రాజభవనములు వేలకొలది గాజుపలకలమీదికి ఎక్కినవి. కట్టడములు కాలవశమున శిథిలములగుననియు, అవి నిలిచియుండగనే వాటి కొలతలను భద్రపరుపవలెననియు అతని ఆశయము. అతడు 1921వ సంవత్సరమున మరణించెను. తరువాత రెండవ ప్రపంచయుద్ధములో జర్మనీలోని కట్టడములెన్నియో దెబ్బతినినవి. అప్పుడు ఆ గాజుపలకల విలువ లోకమునకు తెలిసినది. పోయిన గోడలను తిరిగి నిర్మించువారికి అవి ఆధారములైనవి.

ఇంతలో వీట్‌స్టన్ కనుగొన్న కంటి రహస్యమును, మైడెన్‌బావర్ త్రిభుజములును ఒకేచోట కలిసినవి. 1901వ సంవత్సరమున జర్మనీలోని జీనా పట్టణమున కార్ల్ పుల్‌ఫ్రిఖ్ అను శాస్త్రజ్ఞుడు స్టీరియోకంపారేటరు అను యంత్రమును వెలువరించెను. దానిలో రెండు ఫొటోలనుంచి రెండు కన్నులతో చూచినచో దృశ్యము లోతుతో కనబడును. దానితోపాటు ఒక చిన్న గుర్తు గాలిలో తేలుచున్నట్లు కనబడును. ఆ గుర్తును ముందువెనుకలకు కదిపి కొండ శిఖరముమీదనో, గోడ అంచుమీదనో ఆనించినప్పుడు యంత్రపు స్కేలుమీద కొలత తెలియును. మనుష్యుడు తాను ఎక్కని కొండను గదిలో కూర్చుండి కొలువగలిగెను.

ఆకాశమునుండి చూచు జంటకన్నులు

విమానములు వచ్చిన పిదప ఈ విద్య నేలవిడిచి ఆకాశమునకెక్కినది. విమానము తిన్నగా పోవుచు ఫొటోలు తీయును. ఒక్కొక్క ఫొటోలో కనబడు నేలలో సగమునకు పైగా తరువాతి ఫొటోలో కూడ కనబడునట్లు ఏర్పాటు చేయుదురు. అందుచేత నేలమీది ప్రతి స్థలమును కనీసము రెండు స్థానములనుండి చూచినట్లగును. ఒక కెమెరాయే కదలుచు రెండు కన్నుల పనిని చేయుచున్నది.

తెలుగుదేశమునకు ఈ కథతో దగ్గరి సంబంధము గలదు. 2005వ సంవత్సరము మే నెల 5వ తేదీన శ్రీహరికోటనుండి కార్టోశాట్-1 అను ఉపగ్రహమును ప్రయోగించిరి. శ్రీహరికోటలోని రెండవ ప్రయోగవేదికనుండి జరిగిన తొలి ప్రయోగమదియే. ఆ ఉపగ్రహములో రెండు కెమెరాలను అమర్చిరి. ఒకటి నిట్టనిలువు రేఖకు 26 డిగ్రీలు ముందువైపునకును, రెండవది 5 డిగ్రీలు వెనుకవైపునకును వంగి యుండెను. సుమారు 618 కిలోమీటర్ల యెత్తున పోవుచు, ముందు కెమెరా చూచిన నేలనే దాదాపు 52 సెకనుల తరువాత వెనుక కెమెరాయు చూచెను. ఆ కొద్ది వ్యవధిలో ఉపగ్రహము 350 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. ఎంత విశాలమైన ఆధారభుజము! రెండున్నర మీటర్ల వస్తువును గుర్తింపగల ఆ జంటచిత్రములనుండి శాస్త్రజ్ఞులు మన దేశపు ఎత్తుపల్లముల నమూనాను తయారుచేసిరి. వరదనీరు ఏ వైపునకు పారునో, కాలువను ఎటు త్రవ్వవలెనో, కొండదారిని ఎట్లు వేయవలెనో నిర్ణయించుటకు అట్టి నమూనా అవసరము.

యంత్రము చేయు జోడింపు

పూర్వము ఒక చిత్రములోని బిందువునకు రెండవ చిత్రములో జోడును వెదకుట మనుష్యుని కన్ను చేయు పని. నేడు కంప్యూటరు ఆ పనిని లక్షలసార్లు చేయగలదు. అది ఒక చిత్రమునందలి చిన్న భాగమును తీసికొని, దాని వెలుగునీడల తీరును రెండవ చిత్రములో వెదకును. సరియైన జోడు దొరికినప్పుడు ఆ బిందువు స్థానమును గణించును. ఫొటోలు చాలినన్ని యున్నచో, వాటిని ఎక్కడ నిలిచి తీసిరో ముందుగా చెప్పకపోయినను చిత్రముల పోలికలనుబట్టి కెమెరా స్థానములను కూడ అదియే లెక్కకట్టును.

ఇట్లు లభించిన లక్షలకొలది బిందువులు మొదట ఇసుకరేణువులు గాలిలో నిలిచినట్లుండును. తరువాత మూడేసి బిందువులను కలిపి చిన్న త్రిభుజములుగా అల్లుదురు. చేపలవలవంటి ఆ అల్లిక వస్తువు ఉపరితలమగును. తుదకు ఫొటోలలోని రంగులను ఆ వలమీద పరచుదురు. అప్పుడు రాయి రాయిగా, ఇటుక ఇటుకగా కనబడును. చూచువాడు రెండు చిన్న తెరలుగల కళ్లజోడును ధరించినచో, ఎడమకంటికి ఒక చిత్రమును కుడికంటికి మరియొక చిత్రమును అందును. తాను ఆ ప్రదేశముననే నిలిచియున్నట్లు అతనికి తోచును. వీట్‌స్టన్ అద్దములతో చేసిన పనినే ఈ కళ్లజోడు తెరలతో చేయుచున్నది.

యంత్రము గొప్పదే యైనను దానికిని కష్టములు లేకపోలేదు. సున్నము కొట్టిన తెల్లని గోడమీద ఏ చుక్కకు ఏది జోడో గుర్తించుటకు ఆనవాలుండదు. ఒకే పోలికగల స్తంభములు వరుసగా నున్నచో మూడవదానిని నాలుగవదిగా పొరబడవచ్చును. అద్దమును, నీరును నిలిచిన చోటునుబట్టి వేర్వేరు ప్రతిబింబములను చూపును గావున అవి యంత్రమును మోసపుచ్చును. మరియొక సంగతి. ఫొటోలనుమాత్రమే ఆధారము చేసికొన్న నమూనాకు ఆకారము వచ్చును గాని పరిమాణము రాదు. అది నిజమైన మంటపమో, బల్లమీద నిలిపిన బొమ్మమంటపమో యంత్రమునకు తెలియదు. అందుచేత దృశ్యములో ఒక్క పొడవునైనను చేతితో కొలిచి చెప్పవలెను. ఒక మీటరు కర్రను అచ్చట ఉంచి ఫొటో తీసినను చాలును.

మనుష్యుడు పోలేని చోట్లకు ఈ జంటకన్నులు పోయినవి. 2004వ సంవత్సరము జనవరిలో స్పిరిట్, ఆపర్చునిటీ అను రెండు అమెరికా వాహనములు అంగారకగ్రహముమీద దిగినవి. వాటి స్తంభములమీద 30 సెంటీమీటర్ల ఎడముగా రెండేసి కెమెరాలు కన్నులవలె నుండెను. భూమినుండి పంపిన ఆజ్ఞ అంగారకుని చేరుటకు కొన్ని నిమిషములు పట్టును. ఎదుటి గోతిని చూచి ఇక్కడివారు ఆగుమని చెప్పులోపల వాహనము గోతిలో పడును. కావున ఆ వాహనములు తమ జంటకెమెరాలతో ముందున్న నేలకు తామే నమూనా కట్టుకొని, రాళ్లను తప్పించుకొని నడువగలిగినవి.

బామియాన్ బుద్ధుడు

ఆఫ్ఘనిస్తానములోని బామియాన్ లోయలో ఎఱ్ఱని కొండచరియను తొలిచి, సుమారు క్రీస్తుశకము ఆరవ శతాబ్దమున రెండు నిలువెత్తు బుద్ధవిగ్రహములను చెక్కిరి. వాటిలో పెద్దది యాభై మీటర్లకు మించిన యెత్తుగలది. చైనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ ఏడవ శతాబ్దమున ఆ లోయను దర్శించి ఆ విగ్రహములను వర్ణించెను. దాదాపు పదునాలుగు శతాబ్దములు అవి ఎండకు, మంచునకు, దండయాత్రలకు ఓర్చుకొని నిలిచినవి. 2001వ సంవత్సరము మార్చి నెలలో తాలిబానులు వాటిని ప్రేలుడుమందుతో ధ్వంసము చేసిరి. కొండలో ఖాళీ గూళ్లు మాత్రము మిగిలినవి.

ఆ వార్త విని చింతించినవారిలో స్విట్జర్లండు దేశమందలి జూరిచ్ నగర సాంకేతిక విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆర్మిన్ గ్రూన్ ఒకడు. ఆయనయు, ఫాబియో రెమొండీనో, లీ ఝాంగ్ అను సహచరులును పెద్ద విగ్రహమును కంప్యూటరులో మరల నిలువబెట్టుటకు పూనుకొనిరి. వస్తువు లేదు. ఫొటోలు మాత్రమే యున్నవి. కనుక వారు మూడు విధములైన ఫొటోలను ప్రయోగించి చూచిరి. మొదటివి ఇంటర్నెట్‌లో దొరికిన చిత్రములు. రెండవవి పూర్వము ఒక యాత్రికుడు తీసికొన్నవి. మూడవవి 1970వ సంవత్సరము ఆగస్టు నెలలో ఆస్ట్రియా దేశపు ఆచార్యుడు రాబర్ట్ కోస్ట్‌కా కొలతకెమెరాతో తీసినవి.

ఇంటర్నెట్ చిత్రములు వేర్వేరు కాలములలో, వేర్వేరు కెమెరాలతో, వేర్వేరు పరిమాణములలో తీయబడినవి. వాటినుండి రూపము వచ్చినది గాని అది నిశితముగా లేదు. కోస్ట్‌కా తీసిన చిత్రములు మూడే. అయినను అవి సరియైన కెమెరాతో, సరియైన ఎడముతో, కొలతకొరకే తీసినవి. పని ప్రధానముగా వాటిమీదనే సాగినది. ముప్పదియేండ్లకు పూర్వము చేసిన ఆ శ్రద్ధయే పోయిన విగ్రహమును కొలువగలుగుటకు మూలమైనది.

అందులోనొక విశేషము గలదు. కంప్యూటరు తనంత తానుగా జోడించిన బిందువులతో విగ్రహపు మొత్తము ఆకారము చక్కగా వచ్చెను. కాని బుద్ధుని వస్త్రముమీది సన్నని ముడుతలు అణగిపోయినవి. యంత్రము వాటిని చదును చేసివేసినది. ఆ ముడుతలే ఆ శిల్పమునకు అందము. అప్పుడు మనుష్యులు కూర్చుండి, చిత్రములను లోతుతో చూచుచు, ఒక్కొక్క ముడుతను వెంబడించి బిందువులను చేతితో గుర్తించిరి. ఆ ఓర్పు వలన వస్త్రపు ముడుతలు నమూనాలో తిరిగి కనబడినవి.

మరియొక సంగతి గమనింపదగినది. ఆ నమూనాలోని బుద్ధునికి ముఖపు పైభాగము లేదు. అది 1970వ సంవత్సరమునకు చాల పూర్వమే పోయినది. కెమెరా ఏది చూచినదో అదియే నమూనాలో నిలిచినది. ఆరవ శతాబ్దపు శిల్పి చెక్కిన ముఖము ఎట్లుండెనో ఏ ఫొటోయు చూడలేదు. కావున దానిని ఏ లెక్కయు తిరిగి తేజాలదు. ఊహించి ఒక ముఖమును అతికించుట సులభమే. కాని ఊహను కొలతగా చూపుట శాస్త్రధర్మము కాదు.

నిలిచియుండగనే

నమూనా వస్తువు కాదు. బామియాన్ కొండగూటిలో బుద్ధుడు నేటికిని లేడు. కంప్యూటరులోని రూపము ఎంత నిశితమైనను, పదునాలుగు శతాబ్దముల రాతికి అది సాటి రాదు. అయినను ఒక భేదము గలదు. కొలత మిగిలిన వస్తువు పోయినను దాని ఆకారము తెలియును. కొలతయు పోయినచో జ్ఞాపకము మాత్రమే మిగులును. జ్ఞాపకములో ఎత్తులు పెరుగును, మూలలు చెరుగును. కొంతకాలమునకు చెప్పువారు కూడ మిగులరు.

ఒకప్పుడు ఈ పనికి బరువైన కెమెరాలు, గాజుపలకలు, ప్రభుత్వ సంస్థలు కావలసియుండెను. నేడు సెల్‌ఫోను కెమెరాతో కూడ దీనిని ప్రారంభింపవచ్చును. ఊరి చివరనున్న పాత మంటపమును ఉదాహరణముగా తీసికొనుడు. ఎండ తీక్షణముగా లేని వేళ దాని చుట్టును నెమ్మదిగా నడచుచు, రెండడుగులకొకసారి ఆగి ఫొటో తీయవలెను. ఒకేచోట నిలిచి కెమెరాను అటునిటు త్రిప్పుట పనికిరాదు. అట్లు చేసినచో చూచుస్థానము మారదు. త్రిభుజమునకు ఆధారభుజమే యుండదు. ప్రతి ఫొటోలోను ముందటి ఫొటోలోని భాగము సగమునకు పైగా కనబడవలెను. ఒక మీటరు కర్రను మంటపపు మెట్టుమీద నుంచవలెను. తేదీని, స్థలమును వ్రాసియుంచవలెను. ఆ ఫొటోలను జోడింపగల కంప్యూటరు నేడు చేతిలో లేకపోయినను చింత లేదు. సరిగా తీసి భద్రపరచిన ఫొటోలు ఎన్నాళ్లయినను ఎదురుచూడగలవు. కోస్ట్‌కా తీసిన మూడు చిత్రములు ముప్పది యేండ్లు ఎదురుచూచినవి.

కాని మంటపము అన్నాళ్లు ఎదురుచూడదు. రావిమొక్క వేరు గోడలోనికి దిగుచునే యుండును. వానకొక రాయి జారుచునే యుండును. వెట్‌జ్లార్ గోడమీద ప్రాణము దక్కించుకొన్న యువకుడు ఈ సంగతిని గ్రహించెను. కట్టడము నిలిచియుండగనే దానిని రెండు చోట్లనుండి చూచి, ఆ చూపును దాచియుంచుటకు తన జీవితమును ధారపోసెను.